అమ్మ అడిగిన కొండ

మా అమ్మ పోయింది. కార్తీకం మొదటి వారంలో, పొద్దున పది గంటలప్పుడు, నేను డ్యూటీలో ఉండగా కబురొచ్చింది. తిరుపతి బస్టాండులో కొండ బస్సులకు టిక్కెట్లిచ్చే కిటికీ వెనకాల నా ఉద్యోగం. ఫోను మోగుతుంటే కిటికీ అవతల ఒక పెద్దాయన ఏడుగురికి టిక్కెట్లు అడుగుతున్నాడు. మా ఆయన ఆ వేళప్పుడు ఊరికే ఫోను చెయ్యడు కాబట్టి సంగతేమిటో నాకు అర్థమైపోయింది. అయినా ఏడు టిక్కెట్లూ తీసి ఇచ్చి, బస్సు ఎక్కడ నిలబడి ఉందో వేలితో చూపించి, అప్పుడు ఫోను ఎత్తాను. "మీ అమ్మ పోయింది, రా," అన్నాడు. "సరే, వస్తాండా," అన్నాను. వచ్చేటప్పుడు పాలు తెమ్మంటే ఒప్పుకున్నట్టే ఉంది నా గొంతు.

ఏడుపు రాలేదు. కాళ్ళు లాగుతున్నాయని మాత్రం తెలిసింది. రెండేళ్ళు మంచంలో ఉన్న మనిషికి చేసినవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే వాళ్ళకు నేను విడమర్చి చెప్పక్కర్లేదు. ఆటోలో ఇంటికి పోతుంటే నాకు మొట్టమొదట తోచిన ఆలోచన, రేపటినుంచి నాలుగింటికే లేవక్కర్లేదు కదా అని. ఆ ఆలోచనకు సిగ్గుపడడానికి కూడా ఓపిక లేకపోయింది. సిగ్గు తర్వాత వచ్చింది, తీరిగ్గా.

ఇట్లాంటి రాతల్లో పోయినవాళ్ళ గొప్పతనం చెప్పుకోవడం మామూలు. మా అమ్మ గొప్ప మనిషి అని నేను రాస్తే ఆమే నవ్వేది. నేను రాస్తున్నది నా తప్పొకటి ఒప్పుకోవడానికి. చివరి నాలుగు నెలలూ అమ్మ నన్ను రోజూ ఒకే మాట అడిగింది. ఆ మాట నాకు అర్థమైందనే అనుకున్నాను, అర్థమైనట్టే నడుచుకున్నాను కూడా. అది అర్థం కాలేదని ఆమె పోయిన తర్వాత మా ఊళ్ళో, పదిమంది మధ్యన తెలిసింది.

మాది నగరి. మగ్గాల వీధి. నాయన నేసేవాడు, అమ్మ పడుగు పనిలో చెయ్యి తిరిగిన మనిషి. పడుగంటే బట్టలో నిలువునా పోయే నూలు. మగ్గానికి ఎక్కించే ముందు దాన్ని వీధి పొడుగునా కర్రల మీద సాగదీసి కట్టి, గంజి పట్టించి, కుంచెలతో దువ్వి, తెగిన పోగులు ముడేసి ఆరబెట్టాలి. తెల్లవారుతూనే మొదలుపెట్టి ఎండ ముదిరేలోపల ముగించాలి. ఆ రెండు మూడు గంటల్లో వాన పడిందా, గంజి కారిపోయి పోగులన్నీ ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఒక ఇంటివాళ్ళు నెల రోజులు నేసే నూలు కళ్ళముందే పాడైపోతుంది. అందుకని ఎవరు పడుగు పరచాలన్నా ముందు మా గడప దగ్గరికొచ్చేవాళ్ళు. "వదినా, ఈ పొద్దు పరచొచ్చునా?" అని అడిగేవాళ్ళు.

అమ్మ ఏ పనిలో ఉన్నా లేచి వీధిలోకి వచ్చేది. వీధి చివర ఇళ్ళ కప్పుల మీదుగా కొండ కనిపిస్తుంది. నగరి దాటి పోయినవాళ్ళు చూసే ఉంటారు, పైన రాయి మనిషి ముక్కులాగా పొడుచుకొచ్చి ఉంటుంది. అమ్మ ఎడమచెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని దాన్ని కాసేపు చూసేది. ఎండ లేకపోయినా అట్లా చెయ్యి పెట్టుకుంటేనే ఆమెకు చూసినట్టుండేది. తర్వాత రెండే రెండు మాటల్లో ఏదో ఒకటి చెప్పేది. "కొండ యాడిదాడనే ఉండాది, పరుసుకోండి." లేదంటే, "కొండ దగ్గరికొచ్చిండాది, ఈ పొద్దు వద్దు." వాన అనే మాటే ఆమె నోట వచ్చేది కాదు. కొండ వచ్చిందా, పోయిందా, అంతే.

కొండ నిజంగానే నడుస్తుందని చిన్నప్పుడు నేను నమ్మాను. మనం చూడనప్పుడు కదులుతుందేమోనని దానికి వీపు పెట్టి నిలబడి, టక్కున వెనక్కి తిరిగేదాన్ని. అదేమో ఎప్పుడూ నాకన్నా ముందే ఆగిపోయేది. ఒకరోజు అమ్మ ఇది చూసి, చేతిలో చాటను కిందపెట్టి మరీ నవ్వింది. "దానికి నడిసే పనేముండాది పాపా? ఏమన్నా సంతకు పోవాల్నా?" అని, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది. "వాన రాబోతా ఉంటే గాలి కడిగినట్టు అయిపోతాది. అప్పుడు కొండ మీద రాయి రాయి, పొద పొద కనపడతాది. అంత బాగా కనపడితే దగ్గరికొచ్చినట్టే కదా. దుమ్ముపట్టి మసగ్గా ఉంటే దూరం పోయినట్టు." నడవదని తెలిశాక నాకు కొండ మీద ఆసక్తి పోయింది. ఆ తర్వాత దాన్ని సరిగ్గా చూసిన గుర్తు లేదు.

అమ్మ చూపు ఒక్క కొండతో ఆగేది కాదు. తూనీగలు ఎంత ఎత్తున తిరుగుతున్నాయో చూసేది. చీమలు గుడ్లు మోసుకుని బారు కడితే, ఊడుస్తున్న చీపురు ఆపి వాటికి దారి వదిలేది. "అవి కూడా పడుగు ఎత్తుకుంటాండాయి," అనేది. మిగిలిన గంజి మునగచెట్టు మొదట్లో పోసి, పోసిన సంగతి చెట్టుకు చెప్పేది, "ఈ పొద్దు కొంచెం పులిసింది, ఏమనుకోవద్దు," అని. ఇవన్నీ ఆమెకు భక్తీ కాదు, వేదాంతమూ కాదు. పక్కింటివాళ్ళతో ఎట్లా మాట్లాడేదో అట్లాగే మాట్లాడేది.

ఆమె మాట తప్పిపోవడం నేను ఒక్కసారే చూశాను. నాకు పదేళ్ళుంటాయి. జ్వరంతో పడుకుని ఉన్నాను. అమ్మ నా నుదుటి మీద తడిగుడ్డ వేస్తూ ఉంది. మా ఎదురింటాయన, నేను చిన్నాయనా అని పిలుస్తాను, వాకిట్లో నిలబడి అడిగాడు. అమ్మ నా మంచం దగ్గరినుంచి లేవకుండానే, తలుపులోనుంచి మెడ తిప్పి ఒకసారి చూసి, "పరుసుకో అబ్బయా," అంది. గంటన్నరకు వాన దిగింది. అమ్మ నా మీది దుప్పటి లాక్కుని పరుగెత్తింది. ఇంటింటి నుంచీ గోనెలూ చీరలూ పట్టుకుని జనం పరుగెత్తారు. అప్పటికే సగం పడుగు తడిసిపోయింది.

చిన్నాయన ఆమెను తప్పుపట్టలేదు. "వానకు నువ్వేం చేస్తావు వదినా," అన్నాడు అంతే. అమ్మ మాత్రం నాలుగు రోజులు వాళ్ళ పంచలో కూర్చుని, అతుక్కున్న పోగుల్ని తడివేలితో ఒక్కొక్కటే విడదీసింది. నేను జ్వరం తగ్గి పక్కన కూర్చుంటే నాతో అంది, "కొండ సరిగ్గానే చెప్పినాది పాపా. నేనే సగం మొగం తిప్పి సూసినా. సగం సూస్తే సగమే తెలుస్తాది." నా వల్లే అట్లా అయిందని ఆమె అనలేదు. నేనే అనుకున్నాను, కొన్నాళ్ళకు మరిచిపోయాను.

తర్వాత మరమగ్గాలొచ్చాయి. వీధంతా పగలూ రాత్రీ ఒకటే చప్పుడు. పడుగులు ఎక్కడో మిల్లుల్లో తయారై, లావుపాటి బీములకు చుట్టుకుని టెంపోల్లో వచ్చేవి. వాటికి వానతో పని లేదు. అమ్మను అడగడానికి వచ్చేవాళ్ళు ఒకరొకరుగా మానుకున్నారు. నాయన మరమగ్గం కూలికి పోయి చెవులు పోగొట్టుకున్నాడు, కొన్నేళ్ళకు ఆయనా పోయాడు. అమ్మ మాత్రం రోజూ పొద్దున్నే వీధిలోకి వచ్చి, చెయ్యి నుదుటికి పెట్టుకుని, చూసి, లోపలికి పోయేది. ఒకసారి పండగకు పోయినప్పుడు నేను విసుక్కున్నాను. "ఎవరడుగుతాండారని సూస్తావు మా?" అన్నాను. "అడిగితేనే సూడాల్నా? కండ్లుండాయి, అది ఉండాది," అంది. ఆ వీధిలో ఇంకెవరికీ అవసరం లేకపోతే వడియాలు పెట్టుకునేవాళ్ళకు చెప్పేది, మిరపకాయలు ఎండబోసినవాళ్ళకు చెప్పేది. కొందరు వినేవాళ్ళు, కొందరు ఫోనులో చూసుకునేవాళ్ళు.

నేను పెళ్ళయి తిరుపతికి వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. ఈ ఊళ్ళో కొండ అంటే ఒకటే. అందులోనూ నా ఉద్యోగం చూడండి. కొండకు రెండు, కొండకు నాలుగు, కొండ బస్సు యాడ నిలుస్తాదమ్మా, కొండ మీద జనం ఎట్లుండారు మేడమ్, లాస్ట్ బస్సు ఎన్నింటికి. తమిళం వాళ్ళు, కన్నడం వాళ్ళు, హిందీ వాళ్ళు, అందరూ చేతిని పైకి చూపించి అడిగేది అదే. రోజుకు ఎన్నిసార్లు ఆ మాట నా చెవిలో పడుతుందో లెక్కలేదు. చివరకు ఆ మాట వింటే నాకు దేవుడూ గుర్తుకు రాడు, రాయీ గుర్తుకు రాదు. నా చెయ్యి దానంతటది టిక్కెట్టు మిషను మీదికి పోతుంది.

రెండేళ్ళ కిందట అమ్మకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. నోటి మాట పోయింది. మా ఇంటికి తెచ్చుకున్నాం. మాది ఇరుకు సందులో రెండో అంతస్తు. ఆమె మంచం వేసిన గదికి ఒక కిటికీ ఉంది. అందులోనుంచి పక్కింటి గోడా, ఆ గోడ మీద నీళ్ళట్యాంకు పైపూ కనిపిస్తాయి. పోయిన మాటల్లో నాలుగైదు మెల్లగా తిరిగొచ్చాయి. "పాపా." "నీళ్ళు." "వద్దు." డాక్టరు ఇంకా రావచ్చునన్నాడు. ఆషాఢంలో వానలు పడడం మొదలయ్యాక ఒకరోజు పొద్దున్నే, నేను దుప్పటి మారుస్తుంటే, ఇంకో మాట వచ్చింది. "కొండ?"

ఎడమచెయ్యి నుదుటిదాకా ఎత్తింది. ఒంటిచేత్తో దండం పెడుతోందనుకున్నాను.

నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. మా ఆయన్ను లేపి మరీ చెప్పాను, అమ్మ స్వామిని తలుచుకుంటోందని. "అట్లే మా, ఈ శనివారం కొండకు పోదాంలే," అన్నాను ఆమెతో. ఆమె కళ్ళు మూసుకుంది. మరుసటి రోజు పొద్దున్నే మళ్ళీ అడిగింది. ఆ మరుసటి రోజు కూడా. శనివారాలు వచ్చాయి, పోయాయి. నాలుగింటికి లేచి ఆమెకు ఒళ్ళు తుడిచి, బట్టలు మార్చి, జావ తాగించి, మాత్రలు మింగించి, తడిసిన దుప్పట్లు పిండి మిద్దె మీద ఆరేసి, ఆమెను మా ఆయనకు అప్పగించి ఎనిమిదింటికి డ్యూటీకి పోవాలి. వానల్లో దుప్పట్లు ఆరేవి కావు. ఆరేసి పోతే తడిసేవి, ఆరెయ్యకపోతే ఆ రోజంతా ఎండ కాసేది. ఆమె మంచం పక్కనే నిలబడి దీని గురించి సణిగేదాన్ని. ఇంతలో "కొండ?" అని ఆమె అడిగేది. "పోదాం మా, సూద్దాం," అని మంచం కిందికి వంగి బేసిను తీసుకునేదాన్ని. అమ్మ మీద నాకు ప్రేమ లేక కాదు. ఆమె మొహం చూడ్డానికి కూడా నాకు అప్పట్లో తీరిక ఉండేది కాదు.

భాద్రపదంలో ఒక బుధవారం సెలవు పెట్టాను. మా ఆయన అమ్మను చేతులమీద ఎత్తుకుని మెట్లు దింపాడు. స్నేహితుడి కారు అడిగి తెచ్చాడు. ఘాటు రోడ్డులో మలుపు తిరిగినప్పుడల్లా ఆమె తల పక్కకు ఒరిగిపోతుంటే నేను పట్టుకుని కూర్చున్నాను. ఆమె అద్దానికి మొహం ఆనించి బయటికే చూస్తోంది. పైన చక్రాల కుర్చీ దొరికింది, వయసైనవాళ్ళ వరుసలో పోయాం. స్వామి ముందు నిలబడ్డ ఆ కాసిని క్షణాల్లో నాకు కళ్ళనిండా నీళ్ళు. అమ్మ కోరిక తీర్చాను, ఇక ఏం జరిగినా ఫరవాలేదు అనిపించింది. అమ్మ కూడా ఎడమచెయ్యి గుండెలమీద పెట్టుకుని శ్రద్ధగా చూసింది. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ రోజు దండం అక్కడే పెట్టింది, గుండెల మీద.

బయటికొచ్చి చెట్టుకింద కుర్చీ ఆపాం. అమ్మ చెయ్యి నుదుటికి ఎత్తి, మెడ ఇటూ అటూ తిప్పింది. సత్రాలు, అంగళ్ళు, జనం. "కొండ?" అంది.

మా ఆయన నవ్వి, "కొండ మీదనే ఉండాము కదత్తా," అన్నాడు.

ఆమె తల అడ్డంగా ఊపింది. కుర్చీ చెయ్యిమీద అరచేత్తో కొట్టి మళ్ళీ అంది, గట్టిగా. పక్కనున్నవాళ్ళు తిరిగి చూశారు.  పొద్దున మూడింటినుంచి నిలబడే ఉన్నాను. "ఇంకేం కొండ మా!" అని అరిచాను. "ఇంతకన్నా కొండ యాడుండాది? నీకు కొండ సూపించేకి నేను సచ్చి సున్నమైపోతాండా!"

అమ్మ నా వైపు చూసింది. "వద్దు," అంది. ఏం వద్దో నాకు తెలియదు. అరవొద్దనో, ఏడవొద్దనో, ఇంటికి పోదామనో. ఆ తర్వాత కూడా రోజూ అడిగింది. కాకపోతే నన్ను చూసి అడగలేదు, కిటికీలో కనిపించే ఆ గోడను చూసి అడిగింది. అడగడం మానిన రెండోరోజు పోయింది.

నగరికే తీసుకుపోయాం. ఆమెకు జబ్బు చేసినప్పుడే మా ఇల్లు అమ్మేశాం, అక్కడ ఇప్పుడు మరమగ్గాలు ఆడుతున్నాయి. చిన్నాయన, "మా పంచలో పెట్టండి," అన్నాడు. దారి పొడుగునా వ్యానులో నేను అమ్మ మొహమే చూస్తూ కూర్చున్నాను. పుత్తూరు దాటిన సంగతి కూడా నాకు తెలియలేదు. ఆ సాయంత్రమే సాగనంపాం.

మూడోనాడు పంచలో అందరం కూర్చుని ఉన్నాం. చిన్నమ్మ, వీధిలో ఆడవాళ్ళు, ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు. చిన్నాయనకు డెబ్బై దాటాయి. ఆ వీధిలో ఇంకా గుంటమగ్గం మీద చేత్తో నేసేది ఆయనా, ఆయన కొడుకూ, ఇంకొక ఇంటివాళ్ళే. "కడాన ఏమన్నా అనిందా పాపా?" అని అడిగాడు.

నేను కొంచెం గర్వంగానే చెప్పాను. "మాట పడిపోయినా కొండ, కొండ అంటానే ఉండె చిన్నాయనా. అందుకే ఎత్తుకపోయి దర్శనం చేయించుకొచ్చినాం."

"రొంబ పుణ్యం చేసుకునింది," అంది చిన్నమ్మ. మిగతావాళ్ళు అవునవునన్నారు. ఎవరో చేతులు జోడించారు.

 చిన్నాయన తన వేళ్ళకేసి చూసుకుని, "ఏ కొండ?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. "తిరపతి కొండే," అన్నాను.

"తిరపతి కొండను మీయమ్మ కొండ అనంగా నేనెప్పుడూ వినలేదే పాపా. స్వామి దగ్గరికి అనేది. పైకి పోయొచ్చినాం అనేది. కొండ అనిందంటే…" అని, మాట పూర్తి చెయ్యకుండా వీధి చివరకు మొహం తిప్పాడు.

నేనూ తిప్పాను. ఇళ్ళ కప్పుల మీదుగా, కరెంటు తీగల వెనకాల, అది అక్కడే ఉంది. మూడు రోజులుగా ఆ వీధిలో తిరుగుతున్నాను. అప్పటిదాకా నేను దాన్ని చూడలేదు.

అప్పుడు వచ్చింది ఏడుపు. చిన్నమ్మ నన్ను పొదివి పట్టుకుని, అమ్మ పోయిందని ఏడుస్తున్నాననుకుని ఏదేదో ఓదార్పు చెబుతోంది. నాకు మాత్రం ఒక్కొక్కటే అర్థమవుతూ వస్తోంది. ఆ చెయ్యి దండం కాదు. ఆ మాట మొక్కు కాదు. వానలు మొదలయ్యాకే ఎందుకు అడిగిందో, నేను దుప్పట్లు పట్టుకుని సణుగుతున్నప్పుడే ఎందుకు అడిగేదో. ఈ పొద్దు ఆరెయ్యొచ్చునా లేదా నాకు చెప్పాలనుకుంది. కూతురికి ఒక పని తగ్గిద్దామని. దానికి ఆమెకు కావలసింది ఒక్కటే, కొండ ఎట్లుందో ఎవరైనా చూసి చెప్పడం. మా మిద్దె మీదినుంచి తిరుపతి కొండలు బారుగా కనిపిస్తాయి. రోజూ ఎక్కి దుప్పట్లు ఆరేసి, బకెట్టు పట్టుకుని దిగిపోయేదాన్ని. ఒక్కసారి తల తిప్పి చూసి, కిందికొచ్చి, బాగా కనపడుతోంది మా, లేదంటే మసగ్గా ఉంది మా, అని చెప్పి ఉంటే సరిపోయేది. ఆమె ఏం చెయ్యాలో చెప్పేది, ఆ ఒక్క "వద్దు" అనే మాటతోనే చెప్పేది. దానికి బదులు ఆమెను ఎత్తుకుపోయి కొండ నెత్తినే కూర్చోబెట్టాను. అక్కడ కూర్చున్నవాళ్ళకు కొండ ఎట్లా కనిపిస్తుంది?

ఈ మాట ఎవరితోనైనా అంటే, పోనీలే, దర్శనమైతే అయింది కదా అంటున్నారు. నిజమే. అయినా నా మనసు ఒప్పుకోవడం లేదు. అమ్మ నన్ను అడిగిన చిట్టచివరి సాయం కొండ చూసి రమ్మనడం. అది నేను చెయ్యలేదు.

పదకొండో దినం అయిపోయింది. మా ఆయన డ్యూటీ ఉందని వెళ్ళిపోయాడు. నాకు ఇంకో రెండు రోజులు సెలవుంది. మరుసటి రోజు తెల్లవారుతుండగా వీధిలో కర్రలు పాతుతున్న చప్పుడుకు మెలకువ వచ్చింది. చిన్నాయనావాళ్ళు పడుగు పరచబోతున్నారు. మా వల్లే పన్నెండు రోజులుగా ఆగిన పడుగు. గంజి కాచి పెట్టారు. చిన్నమ్మ కుంచెలు నానబెడుతోంది. పక్కవీధినుంచి నలుగురు సాయం వచ్చారు. మొహం కడుక్కుని బయటికి వస్తే చిన్నాయన నన్ను చూశాడు.

"పాపా, పరచొచ్చునా?" అని అడిగాడు.

ఎగతాళి కాదు. నన్ను ఊరడించడానికీ కాదు. కార్తీకం వానలు ఎప్పుడు దిగుతాయో తెలియని రోజులు, పరచాల్సిన నూలు భుజం మీద ఉంది. "ఫోను సూసుకోలేదా?" అన్నాను. "సూసినా. అది మద్రాసు వాన చెప్తాది, మన వాన చెప్పదు," అన్నాడు.

నేను వీధి మధ్యకు వచ్చి నిలబడి చూశాను. ముక్కు రాయి కనిపిస్తోంది. దాని కింద నల్లటి చారలు కనిపిస్తున్నాయి. కుడిపక్క వాలు మీద పొదలో బండలో తేలని మచ్చలు ఉన్నాయి. మబ్బు ఒకటి పైన ఆగి ఉంది. ఇది దగ్గరో దూరమో నాకు తెలియలేదు. ఎంతసేపు చూసినా తెలియలేదు. ఎట్లా తెలుస్తుంది? దగ్గరికొచ్చిందని చెప్పాలంటే నిన్న ఎక్కడుందో తెలిసి ఉండాలి. మొన్న ఎట్లుందో తెలిసి ఉండాలి. ఎవరూ అడగని రోజుల్లో కూడా అమ్మ ఎందుకు చూసేదో, నాకు నలభై ఆరేళ్ళకు అర్థమైంది.

"నాకు తెలీడం లేదు చిన్నాయనా," అన్నాను.  "నేనెప్పుడూ సూడలేదు."

ఆయన భుజం మీది నూలు సర్దుకున్నాడు. "సరే, పరుస్తాం," అన్నాడు. "నువ్వు ఈడే నిలబడుకో. దాన్నే సూస్తా ఉండు. ఏమన్నా మారినట్టు కనపడితే అరిసి చెప్పు. ఎత్తేస్తాం."

"తప్పు చెప్తే?"

"మీయమ్మ గూడా ఒకసారి చెప్పె కదా," అని ఆయన పనిలోకి పోయాడు.

కర్రలకు తాళ్ళు బిగించారు. వీధి ఈ కొసనుంచి ఆ కొసదాకా తెల్లటి నూలు పరుచుకుంది. గంజి వాసన లేచింది. కుంచెలు పట్టుకుని అటు ముగ్గురు, ఇటు ముగ్గురు, నూలును దువ్వుకుంటూ నడవడం మొదలుపెట్టారు. నేను వీధి మధ్యలో నిలబడి కొండను చూస్తున్నాను. కాళ్ళు లాగుతున్నాయి, ఎప్పటిలాగే. మబ్బు ఎడమకు జరిగితే రాయి రంగు మారింది. ఇందాక కనిపించని ఒక చీలిక కనిపించింది, కాసేపటికి మళ్ళీ మాసిపోయింది. ఒక పక్షి ఆ రాయి ముందునుంచి పోతే అది ఎంత పెద్ద రాయో తెలిసింది. చిన్నమ్మ కాఫీ తెచ్చి నా చేతిలో పెడితే, గ్లాసు చూడకుండానే అందుకున్నాను. పక్కకు తిరిగితే ఏది మారిపోతుందోనని భయంగా ఉంది. రెండేళ్ళలో దేన్నయినా నేను ఇంతసేపు చూసింది లేదు, అమ్మను కూడా.

ఎండ మొహం మీదికి వచ్చినప్పుడు ఒక్కసారి మాత్రం చూపు దించాను. వీధి పొడుగునా ఆరుగురూ నూలుమీదికి వంగి ఉన్నారు. తెగిన పోగులు వెతుక్కుంటూ, ముడులు వేసుకుంటూ, వాళ్ళ లోకంలో వాళ్ళున్నారు. మబ్బు ఎటు పోయిందో, గాలి ఎటు తిరిగిందో చూడ్డానికి ఒక్కరూ తల ఎత్తడం లేదు. వంగిన ఆ వీపుల మధ్య తల ఎత్తి నిలబడింది నేనొక్కదాన్నే. నేను మళ్ళీ కొండ వైపు తిరిగాను.